పరిగ్రహ పరిమాణము – శ్రావకుని స్వాతంత్ర్యము

బల్హర్షా నుండి కాజీపేటకు పోవు రైలుమార్గములో, మహారాష్ట్రమునకు చిట్టచివర, తెలంగాణమునకు కొంచెము ఇవతల విరూరు అను చిన్న స్టేషను కలదు. చంద్రపూరు జిల్లా, రాజురా తాలూకా. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండెను. అందుచేత ఇచ్చటి అంగళ్ళలో బేరము మరాఠీలో మొదలై తెలుగులో తెగుట వింత కాదు. ఉత్తరముగా రైలెక్కినవారు చంద్రపూరు దాటి భాందక్కులో పార్శ్వనాథస్వామిని దర్శింపవచ్చును. దక్షిణముగా పోవువారు కాజీపేట మీదుగా ఆలేరులో దిగి, కొలనుపాకలో మాణిక్యస్వామి అని ప్రసిద్ధి గన్న ఆదినాథస్వామిని దర్శింపవచ్చును. రెండు తీర్థముల నడుమ నున్న ఊరు. అయినను ఆ దారిన పోవువారిలో తీర్థమునకు పోవువారికంటె సరుకుకు పోవువారే ఎక్కువ. అది లోకసహజము, తప్పు పట్టవలసిన పని లేదు.

ఇట్టి సరిహద్దు ఊరిలో వర్తకము చేసికొను శ్రావకుని "నీవు స్వతంత్రుడవేనా?" అని యడిగినచో ఆశ్చర్యపడును. దుకాణము తనది, పెట్టుబడి తనది, కూర్చున్న గద్దె తనది. ఒకరి క్రింద కొలువు లేదు. ఇక పరతంత్రత ఎక్కడిది? కాని పత్తి తీతల కాలమున అతని ముఖము చూడవలెను. ధర పెరుగునని పట్టిన సరుకు గిడ్డంగిలో నున్నది. దానికై తెచ్చిన పైకమునకు వడ్డీ పగలే కాదు, రాత్రియు పెరుగుచున్నది. ధర తగ్గెనని కబురు వచ్చినచో అన్నము సహింపదు. పెరిగెనని వచ్చినచో, ఇప్పుడే అమ్మవలెనా, ఇంకను ఆగవలెనా అని నిద్ర పట్టదు. తగ్గినను పెరిగినను సుఖము లేనివాడు ఎవరి కొలువులో నున్నట్లు? యజమానికి జీతగాడైనవానికి రాత్రి సెలవుండును. ఆశకు జీతగాడైనవానికి అదియును లేదు.

ఉమాస్వాతి ఆచార్యుడు తత్త్వార్థసూత్రములో పరిగ్రహమునకు అర్థము చెప్పుచు ధనమును గాని, భూమిని గాని, బంగారమును గాని పేర్కొనలేదు. దానిని మూర్ఛ అనెను. వస్తువు మీది మమకారమే పరిగ్రహము అని ఆయన భావము. తెలుగువారికి ఈ మాట మరింత బాగుగా పట్టును. మూర్ఛ వచ్చి పడియున్నవానికి తాను మూర్ఛలో నున్నానని తెలియదు. చుట్టునున్నవారు నీళ్ళు చల్లుచుందురు. అతనికి మాత్రము ఏమియు జరుగలేదు. లేచిన తరువాత "నాకేమైనది?" అని అతడే అడుగును.

ఈ మూర్ఛకు సాధువులకు చెప్పిన మందు వేరు, గృహస్థులకు చెప్పిన మందు వేరు. సాధువు సమస్తమును విడుచును. గృహస్థునకు పిల్లలున్నారు, తల్లిదండ్రులున్నారు, దుకాణములో నలుగురు గుమాస్తాలున్నారు. అతడు సమస్తమును విడిచినచో వారందరు వీధిన పడుదురు. అందుచేత అతనికి విధించినది పరిమాణము. పరిమాణమనగా కొలత. ఇంతవరకు అని తానే గీత గీచికొనుట. పండ్రెండు శ్రావక వ్రతములలో ఇది ఐదవది.

ఈ వ్రతమునకు మూలకథ ఆనంద శ్రావకునిది. శ్వేతాంబర ఆగమములలో ఏడవ అంగమైన ఉపాసకదశాంగమున పదిమంది శ్రావకుల చరిత్రలు కలవు. అందు మొదటిది అతనిదే. వైశాలి సమీపమున వాణిజ్యగ్రామము అతని నివాసము. పేరునకు తగిన ఊరు. అతనికి నాలుగు కోట్ల బంగారము నిధిలో, నాలుగు కోట్లు వడ్డీవ్యాపారములో, నాలుగు కోట్లు ఇంటి సామగ్రిలో నుండెను. మందకు పదివేల చొప్పున నాలుగు ఆవుల మందలు. భగవాన్ మహావీరుడు ఆ ఊరికి విచ్చేసినప్పుడు ఆనందుడు పోయి ధర్మోపదేశము వినెను. విన్నవెంటనే, తాను సన్న్యసింపజాలనని మనసు విప్పి చెప్పి, పండ్రెండు వ్రతములు స్వీకరించెను.

అతడు వేసికొన్న హద్దులు చదువుచున్నచో వర్తకుని చిట్టా చదివినట్లే యుండును. బంగారము ఈ పండ్రెండు కోట్లకు మించరాదు. పశువులు ఈ నాలుగు మందలకు మించరాదు. నాగళ్ళు ఐదువందలు. దూరప్రయాణములకు బండ్లు ఐదువందలు, ఊరిలో సరుకు తోలుటకు ఐదువందలు. ఓడలు నాలుగు, నాలుగు. అంతటితో ఆగలేదు. ఒడలు తుడుచుకొను వస్త్రము ఈ రకము ఒక్కటే, పండ్లు తోముకొనుటకు పచ్చి యష్టిమధుకపు పుల్ల ఒక్కటే, స్నానమునకు ఎనిమిది కుండల నీరు, నేయి శరత్కాలపు ఆవునేయి, త్రాగుటకు వర్షపునీరు. పండ్రెండు కోట్ల ధని స్నానపు కుండలు లెక్కపెట్టుకొనుచున్నాడు! అతడు ఇంటికి వచ్చి చెప్పగా భార్య శివానంద నవ్వలేదు. తానును పోయి అవే వ్రతములు స్వీకరించెను. ఇంటి యజమానురాలు కలిసిరాని వ్రతము ఎంతకాలము నిలుచునో సంసారులందరికి తెలిసినదే.

ఇక్కడ తెలివిగల వర్తకుడెవడైనను ఒక ప్రశ్న వేయును. ఆనందుడు విడిచినదేమి? ఉన్న పండ్రెండు కోట్లను అట్లే యుంచుకొనెను గదా! ఒక్క కాసైనను పోలేదు, ఒక్క ఆవైనను మందనుండి తగ్గలేదు. ఇది త్యాగమెట్లగును?

ప్రశ్న సరియైనదే. సమాధానము కూడ వర్తకునికే బాగుగా తెలియును. మనిషిని నిద్రపోనీయనిది పెట్టెలో నున్న ధనము కాదు; ఇంకను రాని ధనము. గిడ్డంగిలోని పత్తిని పట్టి యుంచునది నేటి ధర కాదు, రేపటి ధర. ఆనందుడు విడిచినది ఆ రేపటిని. పండ్రెండు కోట్లకు పైన ఎంత వచ్చినను అది తనది కాదని నిశ్చయించుకొనిన నాడే, దానికొరకు అబద్ధమాడవలసిన పని, ఒకని అడుగుకొనవలసిన పని, ఒకని చూచి అసూయపడవలసిన పని అతనికి తప్పినవి. దొంగతూకము తూచువాడు ఎందుకు తూచుచున్నాడు? కడుపు నిండక కాదు. హద్దు లేక. మూడవ వ్రతమునకు చెప్పిన దోషములలో కపటపు తూనికలు కొలతలు, కల్తీ సరుకు, దొంగసొత్తు కొనుట మున్నగునవి కలవు. ఐదవ వ్రతమును గట్టిగా పట్టినవానికి మూడవ వ్రతము కష్టము కాదు; ఆ తప్పు చేయుటకు కారణమే మిగులదు.

అయితే హద్దుకు అంకె యుండవలెను. "అవసరమైనంత మాత్రమే ఉంచుకొందును" అని మ్రొక్కుకొన్నవారు చాలమంది. అవసరము అను మాట సాగుడు సంచి వంటిది. ఎంత వేసినను పట్టును. కొడుకు పెండ్లి వచ్చినప్పుడు ఒక అవసరము. పొరుగువాడు రెండవ అంతస్తు లేపినప్పుడు ఇంకొక అవసరము. పిల్ల పెండ్లికి ఊరందరికి మూడు పూటలు పెట్టి, ఆ మూడు పూటల అప్పు పదేండ్లు తీర్చు కుటుంబములు ఏ ఊరిలో లేవు? విస్తరిలో పదునెనిమిది పదార్థములు వడ్డించినవాడు అతిథులు పోయిన తరువాత తానేమి తినుచున్నాడో ఎవరును చూడరు. ఆనందుడు "తగినంత నీరు" అనలేదు. ఎనిమిది కుండలు అనెను. వ్రతమునకు ప్రాణము ఆ ఎనిమిదిలో నున్నది. 1949లో ఆచార్య తులసి అణువ్రత ఉద్యమమును ఆరంభించినప్పుడు జైనులు కానివారికి కూడ ఈ చిన్న వ్రతముల ద్వారము తెరచెను. చిన్న వ్రతమే, కాని లెక్కకు వచ్చు వ్రతము.

మనిషి తెలివి మాత్రము సామాన్యమైనది కాదు. హద్దు వేసికొన్న మరునాడే దానిని దాటకుండ దాటు దారి వెదకును. ఈ సంగతి పూర్వులకు బాగుగా తెలియును. గుజరాతులో కుమారపాల మహారాజునకు గురువైన హేమచంద్రాచార్యుడు, 12వ శతాబ్దమున, యోగశాస్త్రములో ఈ ఐదవ వ్రతమునకు పట్టు దొంగదారులను ఎత్తి చూపెను. ధాన్యమునకు హద్దు నిండినది. ఇంకను కొనవలెనని యున్నది. అప్పుడు బేరము తెగ్గొట్టి, బయానా యిచ్చి, సరుకును అమ్మినవాని ఇంటనే కట్టియుంచుట ఒక దారి. పాత్రల సంఖ్య మించకుండ రెండు చిన్న పాత్రలు కరగించి ఒక పెద్ద పాత్ర చేయించుట ఇంకొకటి. ఆవు కడుపులోని దూడను లెక్కలో చేర్చకుండుట వేరొకటి. ఇండ్లు రెండే యుండవలెనన్న నియమముండగా పక్క ఇల్లు కొని, నడిమి గోడ పడగొట్టి, ఇది ఒక్క ఇల్లే అనుట మరియొకటి. హద్దు మించిన బంగారమును ఇంకొకరి చేతికిచ్చి దాచియుంచుట చివరిది.

ఎనిమిదివందల యేండ్లకు పూర్వము చెప్పిన మాటలివి. బినామీ అను పేరు తరువాత వచ్చినది. పని అప్పుడే యుండెను. నేడు భార్య పేరున ఒక ప్లాటు, బావమరిది పేరున ఒక గిడ్డంగి వ్రాయించి, "నా పేరున ఏమున్నది?" అని చేతులు చూపువాడు ఆదాయపుపన్ను అధికారి యెదుట గెలువవచ్చును. తన వ్రతము యెదుట గెలువజాలడు. అక్కడ ఫిర్యాది అతడే, సాక్షి అతడే.

విరూరు వంటి సరిహద్దు ఊరికి ప్రత్యేకముగా తగులు దోషమొకటి మూడవ వ్రతమున కలదు. విరుద్ధరాజ్యాతిక్రమము. ఒక రాజ్యము నిషేధించినదానిని ఎల్ల దాటించి లాభము తీయుట అని దానికి పెద్దలు చెప్పు అర్థము. పూర్వులు రాజుల యుద్ధములను తలంచి చెప్పియుందురు. కాని రెండు రాష్ట్రముల నడుమ కాపురమున్నవారికి యుద్ధము అక్కరలేదు. ఇటు ఒక పన్ను, అటు ఒక పన్ను. ఇటు ఒక నిషేధము, అటు ఒక సెలవు. చంద్రపూరు జిల్లాలో 2015 ఏప్రిల్ నుండి మద్యనిషేధము అమలయ్యెను. 2021లో దానిని ప్రభుత్వము తొలగించెను. ఆ ఆరేండ్లు ఎల్లకు ఆవల సీసా అమ్ముట చట్టసమ్మతము, ఈవల నేరము. మద్యమునకు అప్పుడేమి గుణము మారెను? ఏమియు లేదు. శ్రావకునికి మద్యము మొదలగువాని వ్యాపారము రసవాణిజ్యమను పేర 2015కు ముందును నిషిద్ధమే. 2021 తరువాతను నిషిద్ధమే. ప్రభుత్వము తాళము వేసిన నాడు అమ్మనివానికి, తాళము తీసిన నాడు కూడ అమ్మనివానికి భేదము కలదు. మొదటివాడు తాళమునకు లోబడినవాడు. రెండవవాని తాళపుచెవి అతని మొలత్రాటికే యున్నది.

ఆ రసవాణిజ్యము చేరిన పట్టీకి కర్మాదానములని పేరు. శ్రావకులు చేయరాని వృత్తులు పదునైదు. ఇవియును ఆనందుని కథలోనే చెప్పబడినవి. మొదటిది బొగ్గు కాల్చు అంగారకర్మ. రెండవది అడవి నరకు వనకర్మ. ఐదవది నేలను త్రవ్వి పగులగొట్టు స్ఫోటకర్మ. చంద్రపూరు జిల్లా యెరిగినవారు ఈ పట్టీ చదువునప్పుడు ఒక్క నిమిషము ఆగకుండ ఉండలేరు. అక్కడ నేలపైన టేకు అడవి, నేల క్రింద బొగ్గు. జిల్లా సంపదయంతయు ఈ పట్టీ మొదటి అరలోనే యున్నది! అట్లయినచో శ్రావకుడు ఊరు విడిచి పోవలెనా? అక్కరలేదు. గని కూలివానికి పప్పు, బియ్యము, నూనె అమ్ముట గని త్రవ్వుట కాదు. కాని గిట్టుబాటు ఎక్కువని కూపు వేలములో వాటా తీసికొన్నవాడు, పేరు కనబడనంత మాత్రమున గొడ్డలి తనది కాదనుట హేమచంద్రాచార్యుడు చెప్పిన నడిమి గోడ పడగొట్టుట వంటిదే. లాభము తక్కువైన వర్తకమును ఎన్నుకొనుట కూడ ఒక పరిమాణమే. దానిని చేతగానితనమని నవ్వువారుందురు, నవ్వనీయవలెను.

వస్తువులకు హద్దు వేసినట్లే తిరుగుటకు కూడ హద్దు వేసికొను వ్రతములు రెండు కలవు. జీవితకాలమునకు ఈ దిక్కున ఇంత దూరమని దిగ్వ్రతము. దినమునకో గడియకో దానిని ఇంకను కుదించి, ఈ వీధి దాటను, ఈ గది దాటను అని దేశావకాశికము. పూర్వము కాలు కదలకున్న మనిషి ఇంటిలో నున్నట్లే. నేడు కాలు విరూరులోనే యుండును; మనసు మాత్రము చేతిలోని ఫోనులో హింగణఘాటు, అకోలా, ముంబయి సంతలన్నియు తిరిగి వచ్చును. భోజనము ముందు కూర్చున్నవాడు అన్నము చూడడు, ధర చూచును. పిల్లవాడు వచ్చి పాఠము చెప్పుమన్నచో "ఒక్క నిమిషము" అనును. ఆ నిమిషము పిల్లవాడు నిద్రపోయిన తరువాత ముగియును. కాబట్టి ఈ కాలపు దేశావకాశికములో కాలికి వేసిన హద్దు చాలదు. ఆ ఫోనుకు వేయవలెను. సామాయికమునకు కాలము రెండు ఘడియలు, అనగా నలుబది యెనిమిది నిమిషములు. ఇంతసేపు ఫోను కట్టిపెట్టి కూర్చొనుట ఎంత కష్టమో కూర్చున్నవారికి తెలియును. మొదటి పది నిమిషములు చేయి దానికొరకు తడుముకొనును.

సామాయికమనగానే పూణియా శ్రావకుడు జ్ఞాపకమునకు రావలెను. పత్తి పండు నేలలో అతని కథ చెప్పుకొనుట న్యాయము కూడ. పూణియనగా దూది ఏకు. రాజగృహనగరమున ఏకులు చేసి అమ్ముకొని, ఆ దినపు తిండికి వచ్చినంతతో తృప్తి చెందెడివాడు గనుక అతనికి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఇంటికి నిత్యము ఒక సాధర్మికుని పిలిచి భోజనము పెట్టవలెనని దంపతుల నియమము. ఇద్దరికి చాలు సంపాదనలో మూడవ విస్తరి ఎట్లు వచ్చును? ఒకనాడు భర్త ఉపవాసము, ఒకనాడు భార్య ఉపవాసము.

శ్రేణిక మహారాజునకు నరకగతి తప్పదని తెలిసి, ఉపాయమడుగగా, పూణియా చేయు ఒక్క సామాయికపు ఫలము కొనగలిగినచో తప్పునని భగవానుడు సెలవిచ్చెనట. రాజు సంతోషించి, ఏకులవాని గుడిసెకు పోయి వెల అడిగెను. పూణియా అమ్మననలేదు, అమ్ముదుననలేదు. "దీని వెల నాకు తెలియదు మహారాజా, ఆ స్వామినే అడుగుడు" అనెను. రాజు మరల వచ్చి యడుగగా, నీ ఖజానా యంతయు పోసినను ఆ సామాయికమునకు దలాలీకి కూడ చాలదని భగవానుడు చెప్పెనట. వెల మాట అటుంచి, దలాలీకే చాలలేదు! ఆ దినమున మగధ రాజ్యములో కొనుటకు వచ్చినవాడు రాజు, అమ్మవలసిన అగత్యము లేనివాడు ఏకులవాడు. వీరిద్దరిలో స్వతంత్రుడెవడో చిన్నపిల్లలు కూడ చెప్పగలరు.

అదే పూణియాకు ఒకనాడు సామాయికములో మనసు నిలువలేదట. కారణమేమని ఆలోచించి భార్య నడిగెను. ఆమె తలపోసి, దారిలో పడియున్న పిడకలు తెచ్చి పొయ్యిలో పెట్టితినని చెప్పెను. యజమానుడు లేని పిడకలు! అయినను అవి తమవి కావు. పత్తిబేళ్ళు మారుచేతులు మారు చోట ఈ కథను కొంచెము నెమ్మదిగా చదువుకొనవలెను.

ఇది పురాతన కథ, ఇప్పుడెవరు చేయుదురు అనువారికి శ్రీమద్ రాజచంద్రుడు కలడు. 1867లో సౌరాష్ట్రమున పుట్టి 1901లో దేహము చాలించెను. బొంబాయిలో ముత్యములు, వజ్రముల వర్తకుడు. 1891లో ఇంగ్లండు నుండి తిరిగివచ్చిన గాంధీజీ ఆయనను అక్కడనే కలిసికొనెను. లక్షల బేరము చేయుచున్న ఆ గద్దెమీద ఒక ధర్మగ్రంథము, ఒక దినచర్య పుస్తకము ఎప్పుడు నుండెడివనియు, బేరము ముగిసిన మరుక్షణమే ఏదో ఒకటి తెరచెడివారనియు గాంధీజీ తన ఆత్మకథలో వ్రాసెను. దుకాణము మూసిన తరువాత ధర్మము చూతమనుకొనువారు ఆ గద్దెను ఒకసారి తలంచుకొనవలెను.

మరల ఆనందుని వద్దకు రావలెను. అతని కథ సగములో నున్నది.

పదునాలుగేండ్లు అతడు ఆ హద్దులలో వర్తకము సాగించెను. తరువాత ఒకనాటి రాత్రి, ఊరిలో ప్రతి పనికి అందరును తనను సలహా అడుగుటయే తన సాధనకు అడ్డమగుచున్నదని తోచెను. మరునాడు బంధువులను పిలిచి భోజనము పెట్టి, వారి యెదుట ఇంటి భారము పెద్దకొడుకునకు అప్పగించెను. ఇకమీదట ఏ విషయములోను తన్ను అడుగవలదని చెప్పి, కొల్లాగములోని పౌషధశాలకు పోయి దర్భలు పరచుకొని కూర్చుండెను. ఓడల, బండ్ల పెత్తనము వదలుట కంటె సలహా చెప్పు పెత్తనము వదలుట కష్టము. వయసు మీరిన వర్తకులున్న ఇండ్లలో కొడుకులను అడిగినచో తెలియును.

తపస్సుచేత శరీరము ఎండి, అంత్యసల్లేఖన స్వీకరించిన స్థితిలో అతనికి అవధిజ్ఞానము కలిగెను. తూర్పు, దక్షిణము, పడమరల లవణసముద్రములో ఐదువందల యోజనములు; ఉత్తరమున హిమవత్పర్వతము వరకు; పైన సౌధర్మకల్పము, క్రింద మొదటి నరకభూమి. దిక్కులకు హద్దు వేసికొని కదలక కూర్చున్నవానికి ఇంత దూరము కనబడెను.

అప్పుడు భిక్షకై ఊరిలోనికి వచ్చిన గౌతమ గణధరుడు అతని సంగతి విని చూడవచ్చెను. ఆనందుడు లేవలేక, స్వామిని దగ్గరకు రమ్మని వేడి, పాదములకు నమస్కరించి తనకు కనబడినది చెప్పెను. గృహస్థునకు అవధిజ్ఞానము కలుగవచ్చును గాని ఇంత దూరము కలుగదు, ఈ మాటకు ప్రాయశ్చిత్తము చేసికొనుమని గౌతముడనెను. ఆనందుడు వినయముగా, "స్వామీ, జినశాసనములో నిజము చెప్పినవానికి ప్రాయశ్చిత్తమున్నదా?" అని యడిగెను. లేదని గౌతముడనెను. "అట్లయినచో ప్రాయశ్చిత్తము తమరే చేసికొనవలసియుండును" అని ఆనందుడనెను.

దర్భలమీద పడియున్న ఒక కోమటి, భగవానుని ప్రథమ శిష్యునితో అన్న మాట ఇది. కోపముతో అనలేదు, భయపడియు మానలేదు. గౌతముడు సందేహముతో తిరిగిపోయి భగవానునికి విన్నవించెను. ఆనందుడు చెప్పినదే నిజము, పోయి అతనిని క్షమాపణ వేడుమని భగవానుడు సెలవిచ్చెను. ఉపవాసము పారణ చేయవలసిన దినము. తెచ్చిన భిక్ష ఇంకను పాత్రలోనే యున్నది. గౌతమస్వామి మరల ఆ పౌషధశాలకు నడచిపోయి, గడపలోనికి వచ్చి, ఆ వర్తకునికి క్షమాపణ చెప్పెను.